మామ్మ గురించి మాధవ్‌కు

విజయవాడ, సత్యనారాయణపురం

చిరంజీవి మాధవ్‌కు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. మామ్మ సంవత్సరీకానికి పెద్దబాబాయి వాళ్లు ముందురోజే వస్తామన్నారు. నీ దగ్గర నుంచి ఫోను రాక చాలా రోజులైంది, పని ఒత్తిడి అయి ఉంటుందనుకున్నాను. ఆ సంగతి అడగడానికి ఈ ఉత్తరం వ్రాయడం లేదు. మామ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆవిడ విషయాలు గుర్తుకు వచ్చి, నీతో చెప్పాలనిపించింది.

ప్రకాశం బ్యారేజీ కట్టకముందే ఆవిడ ఈ ఊరికి కాపురానికి వచ్చారు. 1957లో బ్యారేజీ పూర్తయ్యేనాటికి మీ నాన్నగారు చంటిపిల్లవాడు. ఆడపడుచుల పెళ్లిళ్లు, పురుళ్లు అన్నీ ఆవిడ చేతుల మీదుగానే జరిగాయి. ఇంట్లో ఒక్కరు బయట ఉన్నా, వారి అన్నం గిన్నె మీద మూత పెట్టి, వారు వచ్చి తినేవరకు ఆవిడ నడుం వాల్చేవారు కాదు. నువ్వు రాత్రిపూట ఏం తింటున్నావో నాకు తెలియడం లేదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు నేను ఈ ఇంటికి కొత్త కోడలిని. నాగాయలంక తాతయ్య దగ్గర నుంచి ఏ కబురూ లేదు. రోడ్ల మీద చెట్లు పడి ఉన్నాయి, వెళ్లవద్దని అందరూ అన్నారు. "కబురు రాకపోతే మనమే వెళ్లాలి" అని మామ్మ బియ్యం, పాత చీరలు, చింతకాయ పచ్చడి మూటగట్టుకుని, మీ నాన్నగారిని వెంటబెట్టుకుని బయలుదేరారు. బస్సు ఆగిపోయిన చోటి నుంచి, పొలాల్లో చచ్చిపడి ఉన్న పశువులను దాటుకుంటూ, బురదలో నడిచారట. తాతయ్య ఒక బడి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఎవరు పలకరించినా మాట్లాడడం లేదు. మామ్మ ఏమీ అడగలేదు, అక్కడే మూడు రాళ్లు పెట్టి అన్నం వండి, పచ్చడి కలిపి ముద్దలు నోట్లో పెట్టారు. రెండు ముద్దలు మింగాక ఆయన బావురుమన్నారు. ఆయనను ఇంటికి తీసుకువచ్చి, సంక్రాంతి వెళ్లేవరకు కదలనివ్వలేదు.

ఆఖరి చూపుకు అందలేకపోయానని నువ్వు కుమిలిపోతున్నావని, సెలవు రోజున కూడా గది తలుపు తీయడం లేదని చిట్టి చెప్పింది. ఆ సమయానికి నువ్వు జర్మనీలో ఉన్నావు, విమానం దొరకలేదు. ఆ మాట ఇక్కడ ఎవరూ తప్పుగా అనుకోలేదు. 2016 కృష్ణా పుష్కరాలలో ఆవిడ చేయి పట్టుకుని ఘాట్ మెట్లు దింపింది నువ్వే కదా? 2028 పుష్కరాలకు కూడా మాధవే తీసుకువెళ్లాలని చివరిదాకా అంటూనే ఉన్నారు.

నీకు నీతులు చెప్పాలని కాదు గానీ, దుఃఖం వచ్చినప్పుడు మనిషి నలుగురిలో ఉండాలి. ఉదయం ఫలహారం మానకూడదు, రాత్రి పెరుగన్నమైనా తినాలి, తెల్లవారేదాకా ఫోను చూస్తూ కూర్చోకూడదు.

సంవత్సరీకానికి రాగలిగితే రా. సెలవు దొరకకపోతే, కార్యక్రమం అయిన మర్నాడు రాత్రి రైలుకు నేనే బెంగళూరు వస్తున్నాను, టికెట్టు చేయించమని నాన్నగారితో చెప్పాను. గ్యాసు ఉందో లేదో చూసుకో. కందిపొడి, చింతకాయ పచ్చడి నేనే తెస్తాను, అక్కడ బియ్యం మాత్రం కొని ఉంచు. ఆఫీసు నుంచి నువ్వు వచ్చేసరికి ఆలస్యమైతే, తాళం కింది ఇంటివాళ్లకు ఇచ్చి వెళ్లు.

ఆశీస్సులతో,
అమ్మ