పరిశోధకులకు జొటేరోలో శిక్షణ ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

కడపలో సిద్ధాంత గ్రంథాలు రాస్తున్న నా ఎరికలోని విద్యార్థులు పలువురు ఉపయుక్త గ్రంథసూచిని ఇప్పటికీ ఒక్కొక్క పద్దుగా టైపు చేసుకుని, పర్యవేక్షకులు పద్ధతి మార్చమనగానే మొదటినుంచీ దిద్దుకుంటున్నారు. అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం నుంచి 2006లో వెలువడిన జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పుస్తకం వివరాలు ఒకసారి నమోదు చేస్తే, లిబ్రే ఆఫీస్‌లో గానీ వర్డ్‌లో గానీ పేజీ అడుగున వచ్చే అధోజ్ఞాపికలూ (ఫుట్‌నోట్లు) చివరి సూచీ కోరిన పద్ధతిలో వాటంతటవే ఏర్పడతాయి. గణిత సూత్రాలున్న రాతలను కూర్చే లేటెక్‌లో రాసే గణిత విద్యార్థులకు జాబ్‌రెఫ్ అనే ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేరే ఉంది.

తెలుగు పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ఇంటిపేరునూ వ్యక్తి పేరునూ రెండు గడుల్లో విడగొడితే గిడుగు రామమూర్తి కాస్తా అధోజ్ఞాపికలో ‘రామమూర్తి గిడుగు’ అవుతారు కనుక, ఒకే గడిగా మార్చుకుని పూర్తి పేరు రాయడం మేలు. మన కడప జిల్లాలోని కలమళ్ల శాసనం వంటివాటికి జొటేరోలో ప్రత్యేక వర్గమే లేదు; శాసన సంపుటిని పుస్తకంగా నమోదు చేసి, ఉటంకించేటప్పుడు శాసన సంఖ్యను జోడించుకోవాలి. ఉచిత ఆన్‌లైన్ నిల్వ 300 ఎంబీయే అయినా, స్కాన్ ప్రతులను సొంత కంప్యూటర్‌లోనే ఉంచుకోవచ్చు.

యోగి వేమన విశ్వవిద్యాలయం తన ఆధ్వర్యంలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో, పరిశోధకులు చేరిన తొలి నెలల్లోనే, తెలుగు గ్రంథాలనే ఉదాహరణలుగా తీసుకుని ఈ శిక్షణ ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

– ఒక పరిశోధక విద్యార్థి, కడప