నా వ్యాజ్యెమాడిన దేవునికి స్తోత్రం, తోడు నిలిచిన మీ అందరికీ కృతజ్ఞతలు

ప్రభువైన యేసుక్రీస్తు నామమున అందరికీ నా వందనములు. మా వారు ప్రభువునందు నిద్రించిన తరువాత మామగారి పొలంలో మాకు రావలసిన వాటాపై తలెత్తిన వివాదం లోక్ అదాలత్‌లో రాజీతో పరిష్కారమైందని, నాకూ పిల్లలకూ హక్కు దక్కిందని కృతజ్ఞతతో తెలియజేస్తున్నాను.

మొదట్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది బంధువుల మాట కాదు, విశ్వాసుల మాట. దేవుడే న్యాయం తీరుస్తాడు గనుక కోర్టు గడప తొక్కకూడదని కొందరు ప్రేమతోనే హెచ్చరించారు. అప్పుడు మా పాస్టరు గారు నన్నూ పిల్లలనూ కూర్చోబెట్టి, లూకా సువార్త 18వ అధ్యాయంలోని విధవరాలు దేవునికి భయపడని న్యాయాధిపతి దగ్గరకే మాటిమాటికీ వెళ్లిందని, అపొస్తలుడైన పౌలు కైసరయలో రోమా అధిపతియైన ఫేస్తు ఎదుట నిలబడి, చక్రవర్తియైన కైసరు ఎదుటనే చెప్పుకొందునన్నాడని చూపించి, పగ తీర్చుకోవడం వేరు, హక్కు అడగడం వేరు అని వివరించారు. ఆ మాటతో నా మనసు కుదుటపడింది.

మండల న్యాయ సేవల కమిటీలో నాకు కేటాయించిన న్యాయవాది సోదరికి ఎంతో రుణపడి ఉన్నాను. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుందని ఆమె చెప్పేవరకు నాకు తెలియదు. మామగారు వీలునామా రాయకుండా మా వారికంటే ముందే కన్నుమూశారు గనుక ఆయన ఆస్తిలో మా వారికి వాటా వచ్చిందని, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం ఆ వాటాలో మూడో వంతు నాకు, మిగిలినది పిల్లలకు సమానంగా చెందుతుందని ఆమె ఓపికగా విడమరచి చెప్పారు. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడి రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానమని, దానిపై అప్పీలు ఉండదని విన్నప్పుడు కలిగిన నెమ్మది మాటల్లో చెప్పలేను.

మా పొరుగు పొలం పెద్దాయన మా సంఘస్థులు కారు, మా మతం వారూ కారు. అయినా సర్వే రోజున మండుటెండలో కర్ర ఊతంగా గట్టు వెంట నడిచి, తుమ్మచెట్టు మొదట్లో మట్టి తొలగింపజేసి, పాత సరిహద్దు రాయిని అందరి ముందూ చూపించారు. ఆ వయసులో ఆయనకు ఆ శ్రమ ఎందుకు? దేవుడు తన న్యాయాన్ని ఎవరి చేతుల మీదుగా జరిగిస్తాడో ఆ రోజు కళ్లారా చూశాను.

శుక్రవారపు ఉపవాస ప్రార్థనల్లో మా పేర్లు ఎత్తి కన్నీటితో ప్రార్థించిన సహోదరీలకు, వాయిదాల రోజుల్లో పిల్లలకు అన్నం పెట్టిన పక్కింటి అక్కకు, కాగితాలు సిద్ధం చేయించిన సచివాలయం సిబ్బందికి హృదయపూర్వక వందనములు. మా బావగారి కుటుంబం మీద నాకు ఏ కోపమూ లేదు. వారి క్షేమం కోసం కూడా ప్రార్థించమని కోరుతున్నాను. ఈ ఆదివారం సాయంత్రం మా ఇంట జరిగే కృతజ్ఞతా కూడికకు వారినీ పిలిచాను. మీరందరూ తప్పక రావాలి.