విజయం వెనకున్న మట్టిగోడలు

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు వస్తే విశాఖలో పాక్ జలాంతర్గామి ఘాజీ కబుర్లు మొదలవుతాయి. 16న పత్రికల్లో అప్పటి సైన్యాధిపతి మానెక్‌షా ఫొటో వస్తుంది. అదే 1971 యుద్ధంలో వాయుసేనను నడిపిన ఎయిర్ చీఫ్ మార్షల్ ప్రతాప్ చంద్ర లాల్‌కు దక్కేది మహా అయితే ఒక లైను. ఆయన చేసిన పనిని ఇప్పుడు మళ్ళీ చూస్తే ఉత్సాహం కలిగించేది సాహసాలు కావు, 1965 నాటి తప్పులను దిద్దిన తీరు.

1965లో లాల్ వాయుసేన ఉపాధిపతి. ఆ సెప్టెంబరు 6న పఠాన్‌కోట్‌లో, మర్నాడు కలైకుండలో పాక్ దాడికి మన విమానాలు నేలమీదే కాలిపోయాయి. ఆరుబయట దగ్గర దగ్గరగా నిలిపితే జరిగేది అదే. ఒకదానికి నిప్పంటుకుంటే పక్కదాని ట్యాంకు కూడా పేలుతుంది. యుద్ధం తర్వాత విమానానికొకటి చొప్పున బ్లాస్ట్ పెన్లు కట్టారు. మూడు వైపులా మందపాటి మట్టికట్ట ఉంటుంది. ఒక బాంబు పడితే ఒక్క విమానంతో పోతుంది. (లాల్‌కు ముందు వాయుసేనాధిపతి అయిన అర్జన్ సింగ్ హయాంలోనే మొదలైన పని ఇది, ఘనతంతా లాల్‌దే అనడం లేదు.) 1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ మన స్థావరాలపై హఠాత్తుగా దాడిచేసినా పెద్ద నష్టం జరగలేదు. ఆ రాత్రే మన కాన్‌బెర్రా బాంబర్లు ఎదురుదాడికి బయల్దేరాయి.

రెండో లోపం సైన్యంతో పొత్తు కుదరకపోవడం. 1965లో ఛాంబ్ దగ్గర మన విమానాలు మన బలగాలనే కొట్టాయి. అంత వేగంలో పైలట్‌కు ఎవరి ట్యాంకు ఏదో తెలియదు. నేలమీదనుంచి వైర్‌లెస్‌లో గుర్తులు చెప్పే మనిషి కావాలి. లాల్ సైనిక స్థావరాల్లో వాయుసేన కేంద్రాలు పెట్టించి, ముందువరుసలో దళాలతో కంట్రోలర్లను ఉంచారు. సైన్యం ఎక్కడుందో వాయుసేనకు తెలియడమే సగం పని.

ఇక ఢాకా తేజ్‌గావ్ రన్‌వే సంగతి. రన్‌వే పొడవుగా, సన్నగా ఉంటుంది. బాంబును ఏటవాలుగా వదిలితే కాంక్రీటు మీద జారి పక్కకు పోతుంది. అందుకే మిగ్-21లు 500 కిలోల బాంబులతో నిటారుగా దూకి వదిలాయి. బాంబు లోపలికి దిగి పేలితే పలక అడుగునుంచి లేచిపోతుంది. ఆ గోతిని మట్టితో పూడ్చితే చాలదు. దిమ్మిస కొట్టి, చదును చేసి, చుట్టుపక్కల రాళ్ళన్నీ ఏరాలి. ఒక్క గులకరాయి ఇంజిన్‌లోకి వెళ్ళినా లోపల తిరిగే బ్లేడ్లు విరుగుతాయి. పూడ్చినకొద్దీ మళ్ళీ మళ్ళీ కొట్టడంతో అక్కడి పాక్ సేబర్ యుద్ధవిమానాలు ఇక ఎగరలేకపోయాయి.

విజయ్ దివస్ ప్రత్యేక పేజీలో ఈసారి ఎగిరే విమానం ఫొటో పక్కన ఒక బ్లాస్ట్ పెన్ బొమ్మ కూడా వేయండి. లాల్ పేరు, 1969 నుంచి 1973 దాకా ఆయన వాయుసేనాధిపతి అన్న మాట దాని కింద రాస్తే చాలు.

— వాయుసేన విశ్రాంత సాంకేతిక సిబ్బంది, విశాఖపట్నం