ఎక్కువ మన్నుతుందని అమ్మిన టైరు: వారంటీ తిరస్కరణపై ఫిర్యాదు

నల్లగొండ

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,
ద్విచక్ర వాహన టైర్ల విభాగం.

విషయం: 130/70-18 సైజు వెనక టైరు త్వరగా, అదీ ఒక్క తీరుగా కాకుండా అరగడం, టైరును పరీక్షించకుండానే వారంటీ క్లెయిమ్ తిరస్కరించడం.

అయ్యా,

నేను నల్లగొండలో ఉంటాను. రైస్ మిల్లు యంత్రాల సర్వీసు నా పని. నా బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. 2025 మే నెలలో ఇక్కడి మీ అధీకృత డీలర్ దగ్గర ఈ బండికి ముందూ వెనకా మీ కంపెనీ టైర్లే కొత్తవి వేయించాను. ముందు టైరు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వెనక టైరు మాత్రం ఎనిమిది వేల కిలోమీటర్లు నిండకముందే నడుమ భాగంలో అరుగుదల గుర్తు (టైరు మార్చాలని తెలిపే, గాడి అడుగున ఉండే చిన్న దిమ్మె) దాకా వచ్చేసింది. క్లెయిమ్ పెడితే, డీలర్ ఫోన్‌లో తీసి పంపిన ఫొటోలు చూసి ‘వాడకం వల్ల కలిగిన అరుగుదల, తయారీ లోపం లేదు’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. మీ మనిషి ఒక్కరు కూడా ఆ టైరును చేత్తో పట్టి చూడలేదు. ఆ నిర్ణయాన్ని నేను ఒప్పుకోవడం లేదు. కారణాలు కింద రాస్తున్నాను. ఈసారి దయచేసి టైర్ల గురించి తెలిసిన ఇంజినీరుతో ఈ లేఖ చదివించండి.

పని మీద నేను మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మిల్లులకు వెళ్తుంటాను. అటు దేవరకొండ మీదుగా కల్వకుర్తి, జడ్చర్ల, వనపర్తి దాకా కూడా పోవాల్సి వస్తుంది. కోతల కాలంలో మిల్లు ఆగిందంటే వడ్ల లారీలు గేటు బయట వరుస కడతాయి. ఫోన్ రాగానే బయలుదేరాలి. బండి బరువే 200 కిలోలకు పైన, దానికి తోడు నా పనిముట్ల సంచి. 648 సీసీ ఇంజను, 47 హార్స్‌పవర్, 52 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. ఆ బలమంతా రోడ్డు మీదికి దిగేది వెనక టైరు నేలను ఆనుకునే అరచేయంత చోటు నుంచే. ఇలాంటి బండికి వెనక టైరు ముందు టైరు కంటే త్వరగా అరుగుతుందని నాకు తెలుసు. నా దారి ఎక్కువగా తిన్నటి హైవే కాబట్టి నడుమ భాగమే ముందు పోతుందనీ తెలుసు. అందుకే కొనేముందు నేను అడిగింది ఒక్కటే: నాకు పట్టు కొంచెం తగ్గినా ఫరవాలేదు, ఎక్కువ దూరం వచ్చే టైరు కావాలి.

డీలర్ నాకు మీ కంపెనీవే రెండు రకాలు చూపించారు. ఒకటి మెత్తటి రబ్బరుది, మలుపుల్లో బాగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. రెండోది దూర ప్రయాణాల కోసం చేసినది. నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు. తిన్నగా పోయేటప్పుడు గట్టి రబ్బరు మీద నడుస్తుంది కాబట్టి మన్నుతుంది, బండి వంగినప్పుడు మెత్తటి అంచు పట్టుకుంటుంది. ఈ పద్ధతి సరైనదేనని నాకూ తెలుసు, అందుకే ధర ఎక్కువైనా రెండోదే తీసుకున్నాను. మీ కరపత్రం మీద ‘అధిక మైలేజీ’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఎంత వస్తుందని నేను గుచ్చి అడిగితే, డీలర్ బిల్లు వెనక పెన్నుతో ‘15 వేల కి.మీ.’ అని రాసి, దుకాణం ముద్ర వేసి ఇచ్చారు. ఆ కాగితం నకలు దీనికి జతచేశాను.

ఇక్కడ మీకు ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. టైరు పక్క గోడ మీద చాలా వివరాలు అచ్చు వేసి ఉంటాయి. 63హెచ్ అని ఉంటే 272 కిలోల బరువు మోస్తుందని, గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని అర్థం. ఏ దిక్కు తిరగాలో బాణం గుర్తు ఉంటుంది. ద్విచక్ర వాహన టైర్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 15627 ప్రకారం ఐఎస్ఐ ముద్ర ఉంటుంది. ఇన్ని చెప్పే ఆ గోడ మీద, ఈ టైరు ఎంతకాలం మన్నుతుందన్నది మాత్రం ఎక్కడా ఉండదు. అమెరికాలో కార్ల టైర్ల మీద అరుగుదల రేటింగ్ అంకె తప్పనిసరిగా వేయాలి, కానీ అక్కడ కూడా ఆ నియమం మోటార్‌సైకిల్ టైర్లకు లేదు. అంటే పెద్ద బండి ఉన్నవాడు మన్నిక చూసి టైరు ఎంచుకోవాలంటే కంపెనీ మాట, డీలర్ మాట తప్ప వేరే ఆధారమే లేదు. అందుకే మీ కరపత్రం మీది ఆ రెండు మాటలను నేను ప్రకటన అనుకోలేదు, హామీ అనుకున్నాను. వాటిని నమ్మే డబ్బు కట్టాను.

తిరస్కరణ తర్వాత ఫోన్ చేస్తే మీ ప్రాంతీయ కార్యాలయం వారు రెండు కారణాలు చెప్పారు: మా దగ్గర ఎండలు ఎక్కువ, రోడ్లు గరుకు. రెండూ నిజమే. మే నెలలో నల్లగొండ జిల్లాలో 45 డిగ్రీలు కొత్త కాదు. అప్పుడు తారు రోడ్డు 60 డిగ్రీలు దాటి కాలుతుంది, వేడికి రబ్బరు త్వరగా అరుగుతుంది. వాడపల్లి, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల లారీలు తిరిగే రోడ్ల మీద పైపూత లేచిపోయి కంకర తేలి ఉంటుంది. కానీ ఈ ఎండలు, ఈ రోడ్లు మీరు టైరు అమ్మిన రోజూ ఇక్కడే ఉన్నాయి. నల్లగొండలో దుకాణం తెరిచి, నల్లగొండ మనిషికి అమ్మి, ఆ తర్వాత నల్లగొండ ఎండను సాకుగా చూపడం న్యాయం కాదు.

నా వృత్తిలోనూ రబ్బరుతోనే పని. వడ్ల పొట్టు తీసే యంత్రంలో రెండు రబ్బరు రోలర్లు ఉంటాయి, ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా తిరుగుతాయి. అవి అరిగే సరుకే. ఎండాకాలం ఇంకా త్వరగా అరుగుతాయి. రోలర్లు అమ్మేవాళ్లకు అది తెలుసు కాబట్టి రబ్బరు గట్టిదనం షోర్ అంకెల్లో (గట్టిదనం కొలిచే కొలమానం) చెప్తారు, ఎన్ని టన్నుల వడ్లకు వస్తుందో చెప్తారు, వేసవిలో ఎంత తగ్గుతుందో కూడా ముందే చెప్తారు. తక్కువ వస్తే రోలర్‌ను వెనక్కి తెప్పించుకుని చూస్తారు. ఆ రోలర్ పాడైతే కొంత బియ్యం నూకలవుతుంది, అంతే. మీ టైరు మీద మనుషులు కూర్చుని వెళ్తారు.

‘రైడింగ్ తీరు’ అన్న మాట కూడా మీ వాళ్లు వాడారు. ఈ బండితో పాటు షోరూంలో వచ్చిన వెనక టైరు ఇదే దారుల్లో, ఇదే బరువుతో, నా చేతి కిందే పన్నెండు వేలకు పైన నడిచింది. అది మన్నిక కోసం ప్రత్యేకంగా అమ్మే రకం కూడా కాదు. గాలి వారానికోసారి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు, బండి మాన్యువల్‌లో ఉన్న ప్రకారం చూసుకుంటాను. గాలి ఎక్కువైతే నడుమ అరుగుతుంది, తక్కువైతే అంచులు అరిగి టైరు వేడెక్కుతుంది. ఇది తెలిసినవాణ్ణే కాబట్టి చక్రానికి చక్రం రీడింగ్ రాసి పెట్టుకున్నాను. ఆ పుస్తకం పేజీల నకళ్లు కూడా పంపుతున్నాను.

ఇప్పుడు అసలు విషయం. టైరు నడుమ అరగడం గురించి కాదు నా ప్రధాన ఫిర్యాదు. అది చుట్టూ ఒకేలా అరగలేదు. కొత్తగా వేసినప్పుడు నడుమ గాడి లోతు గేజీతో కొలిస్తే 6.5 మిల్లీమీటర్లు వచ్చింది. విప్పిన రోజు వాల్వు దగ్గర మొదలుపెట్టి చుట్టూ నాలుగు చోట్ల కొలిచాను: 1.0, 1.2, 2.3, 2.1. ఒకే చక్రం, ఒకే గాడి, ఒక సగానికీ ఇంకో సగానికీ మిల్లీమీటరుకు పైగా తేడా. చక్రం తిరిగేటప్పుడు రోడ్డు దానిలో ఒక సగాన్నే ఎంచుకుని అరగదీయదు. నా నడిపే తీరు తప్పైతే చుట్టూ సమానంగా అరగాలి. గట్టి బ్రేకు కొట్టి చక్రం ఈడ్చితే ఒక చోట చదునుగా పోతుందని మీరనవచ్చు. ఈ బండికి రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉంది, చక్రం పట్టేసి జారే అవకాశం దాదాపు ఉండదు. రిమ్ వంకర పోయిందేమోనని వీల్ ట్రూయింగ్ (చక్రం వంకర సరిచేయడం) చేసే మెకానిక్‌కు చూపించాను. వంకర లేదు, స్పోకులు వదులు కాలేదు. బ్యాలెన్సింగ్ బరువులు పెట్టింది, కొత్త ట్యూబు ఎక్కించింది మీ డీలరే. ఇక మిగిలినవి రెండు: రబ్బరు అంతటా ఒకేలా ఉడకకపోవడం, లేదా టైరు పూర్తి గుండ్రంగా రాకపోవడం. ఇందులో ఏది నిజమో నేను ఇంట్లో కూర్చుని తేల్చలేను. మీ ల్యాబులో తేలుతుంది. గట్టిదనం కొలిచే డ్యూరోమీటరును చుట్టూ ఆనించి చూస్తే కొద్ది నిమిషాల పని. ఆ కొద్ది నిమిషాలు కూడా వెచ్చించకుండా ‘తయారీ లోపం లేదు’ అని ఎలా రాయగలిగారు?

టైరు విప్పినప్పుడు ఇంకొకటి తెలిసింది. పక్క గోడ మీద తయారీ అంకె 1423. అంటే 2023లో 14వ వారం, ఏప్రిల్ మొదటి భాగం. నాకు అమ్మింది 2025 మేలో. రెండేళ్లు అది ఏ గోడౌనులో, ఏ రేకుల కింద, ఎంత వేడిలో ఉందో నాకు చెప్పినవాళ్లు లేరు. సరిగ్గా నిల్వ చేస్తే రెండేళ్లకు టైరు పాడవదని ఒప్పుకుంటాను. కానీ వారంటీ బిల్లు తేదీ నుంచి కాదు, తయారీ తేదీ నుంచి లెక్కిస్తామని మీ కార్డు మీద సన్నటి అక్షరాల్లో ఉంది. అలాగైతే నేను డబ్బు కట్టకముందే నా వారంటీలో రెండేళ్లు కరిగిపోయాయి. ఇంకో కస్టమర్‌కు ఇలా జరగకూడదు.

ఇది డబ్బు గొడవ మాత్రమే అనుకోవద్దు. నడుమ చదునైపోయిన టైరుతో బండి తిన్నగా బాగానే పోతుంది, మలుపులో మాత్రం ముందు వంగనని మొండికేస్తుంది, ఆ చదును అంచు దాటగానే ఒక్కసారి పడిపోయినట్టు వాలుతుంది. శ్రీశైలం ఘాట్‌లో, దోమలపెంట దాటి కృష్ణా నది వైపు దిగే మలుపుల్లో, వాన తుంపర మొదలైనప్పుడు నా వెనక మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. వెనక చక్రం పక్కకు జరిగింది. బండి పడలేదు, మా ఇద్దరికీ ఏమీ కాలేదు. ఆ రోజు రాత్రి ఇంటికి వచ్చి గేజీ పెట్టి చూసినప్పుడే పై కొలతలు బయటపడ్డాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనానికి కనీస గాడి లోతు 0.8 మిల్లీమీటర్లు. ఇంకొన్ని రోజులు చూసుకోకుండా ఉంటే అది కూడా దాటేది. మా పల్లెల్లో కోతలప్పుడు రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు, గింజల మీద అరిగిన టైరు ఎలా జారుతుందో ఇక్కడ బండి నడిపే ఎవరిని అడిగినా చెప్తారు. మన్నుతుందన్న నమ్మకంతోనే మనిషి టైరును తరచుగా వంగి చూడడం మానేస్తాడు. మీరు అమ్మే ఆ నమ్మకానికి అంత బరువు ఉంది.

నేను కోరేవి ఇవి. టైరును మీ ఖర్చుతో తెప్పించుకుని, చుట్టూ గాడి లోతు, గట్టిదనం కొలిచి, ఆ అంకెలతో సహా నివేదిక నాకు రాతపూర్వకంగా ఇవ్వండి. లోపం తేలితే పూర్తి ధర తిరిగి ఇవ్వండి. లోపం లేదని మీరు అంకెలతో నిరూపిస్తే, డీలర్ ముద్ర వేసి ఇచ్చిన 15 వేలకూ, టైరు నడిచిన దూరానికీ ఉన్న తేడా మేరకు చెల్లించండి. ఆ అంకెను కంపెనీ ఒప్పుకోకపోతే, డీలర్లు అలా రాసి ఇవ్వకూడదని అన్ని దుకాణాలకూ ఉత్తర్వు పంపి, దాని నకలు నాకు పంపండి. ఇక వారంటీ బిల్లు తేదీ నుంచి లెక్కించండి. ‘అధిక మైలేజీ’ అని అచ్చు వేసే ప్రతి టైరు కరపత్రం మీద కొత్త టైరు గాడి లోతు, నడుమ రబ్బరు గట్టిదనం, వేడి ప్రాంతాల్లో ఎంత దూరం రావచ్చో వేయండి. ఈ చివరిది నా ఒక్కడి కోసం అడగడం లేదు. 650 సీసీ బండ్లు ఇప్పుడు మిర్యాలగూడలోనూ కనిపిస్తున్నాయి, మహబూబ్‌నగర్‌లోనూ కనిపిస్తున్నాయి. జీతం పైసలు కూడబెట్టి కొనుక్కున్న పిల్లలు ఒక టైరుకు వేల రూపాయలు పెడుతున్నారు. ఎంచుకోవడానికి వాళ్లకు ఒక అంకైనా ఉండాలి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద నల్లగొండ జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. కొన్నవాడు తాను ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చని ఆ చట్టం చెప్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటన సంగతి కూడా అందులో ప్రస్తావిస్తాను. అక్కడి దాకా పోవాలని నాకు కోరిక లేదు. మీ ముందు టైరు బాగుంది, అది ఇప్పటికీ నా బండికే ఉంది.

విప్పిన వెనక టైరు మా ఇంట్లో నీడలో, కొలిచిన నాలుగు చోట్లా సుద్దముక్క గుర్తులతో భద్రంగా ఉంది. మీ ఇంజినీరు ఒక రోజు ముందు ఫోన్ చేసి వస్తే, గేజీ ఇచ్చి ఆయన చేతే కొలిపిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
నల్లగొండ.

జతపరచినవి: బిల్లు, దాని వెనక డీలర్ రాసిన కాగితం నకలు, వారంటీ కార్డు, తిరస్కరణ సందేశం, గాలి రీడింగ్ పుస్తకం పేజీలు, తయారీ అంకె, నాలుగు కొలతల ఫొటోలు.