ఏ స్కోరు చూస్తారో విశ్వవిద్యాలయాలే తేల్చి చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఎంఎస్, పీహెచ్‌డీలకు దరఖాస్తు చేసే విద్యార్థులకు సిఫారసు లేఖలు రాసే అధ్యాపకుణ్ణి. దరఖాస్తుల కాలం వచ్చిందంటే నా దగ్గరికి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "సార్, జీఆర్‌ఈ రెండుసార్లు రాశాను. ఏ స్కోరు పంపమంటారు?" జీఆర్‌ఈ అంటే అక్కడి పీజీ, పీహెచ్‌డీ ప్రవేశాల కోసం రాసే పరీక్ష. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆ సీటు ఇచ్చే విభాగం. ఆ జవాబు వాళ్ల అడ్మిషన్ల పేజీలో చాలాసార్లు దొరకదు. అందుకే ఈ లేఖ.

ఒకప్పుడు ఈ ఎంపికే లేదు. ఐదేళ్లలో రాసిన స్కోర్లన్నీ కలిసే వెళ్లేవి. 2012 జులైలో ఈ పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థ, ఏ స్కోరు పంపాలో విద్యార్థే ఎంచుకునే స్కోర్‌సెలెక్ట్ సదుపాయం తెచ్చాక పరిస్థితి మారింది. పరీక్ష రోజున తాజా స్కోరు గానీ, అన్ని స్కోర్లు గానీ నాలుగు సంస్థల వరకు ఉచితంగా పంపవచ్చు. ఆ తర్వాతైతే ఏ తేదీ స్కోరైనా ఎంచుకోవచ్చు, కానీ ఒక్కో రిపోర్టుకూ రుసుము కట్టాలి. పంపని స్కోరు జాడ రిపోర్టులో కనిపించదు. ఇంతవరకు మేలే. అయితే ఒక తేదీన వచ్చిన క్వాంట్ (గణితం) స్కోరునీ, మరో తేదీన వచ్చిన వెర్బల్ (ఇంగ్లిష్ భాష) స్కోరునీ జోడించి పంపడానికి వీల్లేదు. పంపితే ఆ రోజు స్కోరు మొత్తం పంపాల్సిందే.

చిక్కంతా ఇక్కడే. ఒక అమ్మాయికి మొదటిసారి క్వాంట్ 168, వెర్బల్ 149 వచ్చాయనుకుందాం. రెండోసారి క్వాంట్ 164కు తగ్గింది, వెర్బల్ 157కు పెరిగింది. మొత్తం చూస్తే 317 నుంచి 321కి ఎదిగింది. ఆమె దరఖాస్తు చేస్తున్నది కంప్యూటర్ సైన్స్‌కు. రెండూ పంపిందే అనుకోండి. ఒక్కో సెక్షన్‌లో అత్యధిక స్కోరు తీసుకునే విభాగమైతే ఆమెను 168, 157గా చూస్తుంది, అంటే 325. తాజా స్కోరే లెక్కలోకి తీసుకునే విభాగానికి 168 ఉన్నా లేనట్టే. క్వాంట్‌కే పెద్దపీట వేసే చోటికైతే మొదటి స్కోరు ఒక్కటే పంపితే సరిపోయేది. మూడు చోట్లకు మూడు రకాల నిర్ణయం! ఏది ఎక్కడో తెలియాలంటే విభాగం తన పేజీలో ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ వాక్యం లేక పిల్లలు సీనియర్ల ఊహల మీద, కన్సల్టెన్సీల మాటల మీద ఆధారపడుతున్నారు.

ఇదే ఈటీఎస్ ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్ విషయంలో 2019 నుంచి మైబెస్ట్ స్కోర్ల పేరుతో సెక్షన్లవారీ అత్యుత్తమ స్కోర్లను రిపోర్టులోనే చూపిస్తోంది. జీఆర్‌ఈకి ఆ సదుపాయం ఎందుకు లేదో నాకు అర్థం కాదు. పాత స్కోరే మెరుగ్గా ఉన్న విద్యార్థికి పరీక్ష రోజు ఉచిత సౌకర్యం వల్ల ఒరిగేదీ తక్కువే. ఆ స్కోరు ఒక్కటే పంపాలంటే ప్రతి విశ్వవిద్యాలయానికీ విడిగా డబ్బు కట్టక తప్పదు.

ఇక జీఆర్‌ఈ స్కోరు "ఆప్షనల్" అని కొన్ని విభాగాలు రాసే మాట. స్కోరు పంపకపోతే నష్టం లేదని దాని అర్థమా, పంపితే మంచిదనా? కొన్ని విభాగాలు స్కోరు అసలు చూడబోమని స్పష్టంగా రాస్తున్నాయి. వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. మిగతావాళ్లు విద్యార్థిని సందిగ్ధంలో వదిలేస్తున్నారు.

విద్యార్థులకు నా సలహా కూడా చెబుతాను. మొత్తం స్కోరు చూసి మోసపోకండి. క్వాంట్‌లో 160 మధ్యస్థాయికి దగ్గర్లో ఉంటే, వెర్బల్‌లో అదే 160 చాలామందిని దాటేసిన స్కోరు. కాబట్టి సెక్షన్లవారీ పర్సంటైల్ (మీకంటే తక్కువ స్కోరు వచ్చినవారు ఎంత శాతమో) చూసుకుని, మీ సబ్జెక్టుకు ఏ సెక్షన్ ముఖ్యమో దాన్నిబట్టి తేదీని ఎంచుకోండి. రెండు స్కోర్ల మధ్య తేడా ఒకటి రెండు పాయింట్లే అయితే నిద్ర పాడుచేసుకోవద్దు. అంత చిన్న తేడాకు పెద్ద అర్థం లేదు. జీఆర్‌ఈ స్కోరు ఒక్కదాని ఆధారంగా కటాఫ్ పెట్టవద్దని విశ్వవిద్యాలయాలకు ఈటీఎస్సే చెబుతోంది. సెక్షన్లవారీ అత్యధిక స్కోరు తీసుకుంటామని రాసి ఉన్నచోట మాత్రం వెనకాడకుండా అన్నీ పంపండి. ఏమీ రాయనిచోట అడ్మిషన్ల కార్యాలయానికి మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే రుసుము కట్టండి.

విశ్వవిద్యాలయాలను నేను కోరేది రెండే. ఒకటికి మించి స్కోర్లు వస్తే దేన్ని లెక్కలోకి తీసుకుంటారో ప్రతి విభాగమూ తన పేజీలో రాయాలి. దరఖాస్తు దశలో విద్యార్థి స్వయంగా నమోదు చేసిన స్కోరును అంగీకరించి, అధికారిక రిపోర్టును సీటు ఖాయమయ్యాకే అడగాలి. ఇప్పటికే కొన్నిచోట్ల అలా చేస్తున్నారు. మిగతావాళ్లు చేయలేనంత కష్టమేమీ అందులో లేదు.

మీ పత్రిక విద్యా పేజీలో ఎక్కువ స్కోరు సాధించడం ఎలాగో తరచూ చదువుతుంటాను. ఏ విశ్వవిద్యాలయం బహుళ స్కోర్లను ఎలా చూస్తుందో నేరుగా వాళ్లనే అడిగి, విభాగాలవారీగా ప్రచురించాలని, దరఖాస్తుల గడువులు మొదలయ్యేలోపే ఆ పని చేయాలని మనవి.

ఇట్లు,
ఒక అధ్యాపకుడు