మీ బండి ఫ్యూజు పెట్టెను మరోసారి విప్పాలి

గత ఏడు నెలల్లో మా మెకానిక్ షాపులో బైకు ఫ్యూజు పెట్టె పని చేయించుకున్న ప్రతి ఒక్కరూ బండిని ఒకసారి వెనక్కి తీసుకురావాలి. మొత్తం 63 బళ్లు. వాటిలో మేము వేసిన టెర్మినళ్లు, అంటే తీగ చివర ఉండి ఫ్యూజు కాలును పట్టుకునే చిన్న లోహపు ముక్కలు, నాసిరకానివి. వాటిని కొన్నదీ, మీ బళ్లలో బిగించిందీ నేనే కాబట్టి, ఈ సంగతి మీకు ఇంకొకరి నోట తెలియకూడదని రాస్తున్నాను. మిగతా పనులన్నీ ఎప్పటిలాగే సాగుతున్నాయి.

ఇది పదేళ్లుగా మా దగ్గరికే వస్తున్న ఒకాయన బండితో బయటపడింది. నడుస్తూ నడుస్తూ బండి ఉన్నట్టుండి ఆగిపోయేది. హెడ్‌లైటు, మీటరు, హారను అన్నీ ఒకేసారి పోయేవి. పక్కకు తీసి ఐదు నిమిషాలు నిలబెడితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. నా దగ్గరికి వచ్చేసరికి వంక పెట్టడానికి ఉండేది కాదు. ఉండి ఉండి వచ్చే ఎలక్ట్రికల్ లోపాలతో వచ్చే తంటా ఇదే. రోడ్డు మీద ఏడిపించిన బండి మెకానిక్కు ముందు బుద్ధిగా నడుస్తుంది.

మొదటిసారి బ్యాటరీ చూశాను. ఇంజిను ఆపి ఉన్నప్పుడు 12.7 వోల్టులు, నిమిషానికి 5000 చుట్ల దగ్గర 14.2. ఛార్జింగు బాగుందని, బ్యాటరీ నట్లు బిగించి పంపాను. రెండోసారి కీ స్విచ్చి మార్చాను. పాత స్విచ్చిలో కాంటాక్టులు నల్లబడి కనిపించాయి కాబట్టి దొంగ దొరికాడనే అనుకున్నాను. మూడోసారి వచ్చినప్పుడు నేను అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఆయన ముందువైపు రెండు అదనపు లైట్లు పెట్టించుకున్నారు. "ఆ లైట్ల వైరింగుతోనే వస్తోంది ఇదంతా, తీసేయండి" అన్నాను. కరెంటు కొలిచే మల్టీమీటరు పెట్టి చూడకుండానే అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా తీయించేశారు.

తొమ్మిది రోజుల తర్వాత, రాత్రిపూట, వంతెన మీద బండి మళ్లీ ఆగింది. వెనక ఎర్ర లైటు లేదు, ఇండికేటర్లు లేవు. వెనకే వస్తున్న లారీ ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకుంది. మర్నాడు పొద్దున ఆయన బండిని తోసుకుంటూ వచ్చారు. కోప్పడలేదు. "ఇంకెక్కడికైనా తీసుకెళ్లమంటారా?" అని మాత్రం అడిగారు.

ఆ రోజు నేను ఇంకో బండిని ముట్టుకోలేదు.

ముందుగా చేయాల్సిన ఆలోచన అప్పుడు చేశాను. కాలిపోయిన ఫ్యూజు తనంతట తాను అతుక్కోదు. ఇగ్నిషన్ కాయిల్ పోతే ఇంజిను ఆగుతుంది గాని లైట్లు ఆరవు. సైడు స్టాండు స్విచ్చి గాని, కిల్ స్విచ్చి గాని ఇంజినును ఆపుతాయి, మీటరును ఆర్పవు. అన్నీ ఒకేసారి పోతున్నాయంటే, అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలోనే ఎక్కడో తెగుతోందన్నమాట. ఆ దారి చిన్నదే. బ్యాటరీ ప్లస్ నుంచి మెయిన్ ఫ్యూజు, అక్కడి నుంచి కీ స్విచ్చి, ఇటువైపు బ్యాటరీ మైనస్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్. ఎర్త్ బోల్టు విప్పి చూశాను. కింద పెయింటు లేదు, తుప్పు లేదు. కీ స్విచ్చి కొత్తది. మిగిలింది ఫ్యూజు పెట్టె. దాన్ని ఇన్నాళ్లూ ఎందుకు చూడలేదంటే, అది నేను స్వయంగా చేసిన పని. నా పనిని నేనే అనుమానించడం నాకు తట్టలేదు. తట్టలేదనడం కంటే, ఇష్టం లేకపోయింది అనడమే నిజం.

మల్టీమీటరును కంటిన్యుటీలో, అంటే దారి తెగకుండా ఉంటే మోగే పరీక్షలో, పెడితే ఫ్యూజు పెట్టెలో అన్నిచోట్లా చక్కగా మోగింది. ఈ మోతను నమ్మకూడదు. ఆ పరీక్షలో మీటరు పంపే కరెంటు చాలా స్వల్పం. ఇరవై పోగుల తీగలో ఒక్క పోగు మిగిలినా మోగుతుంది. బండికి కావలసింది ఐదారు ఆంపియర్లు, ఒక్కోసారి పది. టెర్మినల్ దగ్గర 0.1 ఓమ్ అడ్డు ఉందనుకుందాం. మీటరు తీగల్లోనే దాదాపు అంత ఉంటుంది, కాబట్టి అది మన కంటికి ఆనదు. కాని దాని గుండా 10 ఆంపియర్లు పారితే అక్కడే ఒక వోల్టు పోతుంది, 10 వాట్ల వేడి పుడుతుంది. వేలిగోరంత లోహపు ముక్కలో 10 వాట్ల వేడి! అది వేడెక్కిన కొద్దీ పట్టు వదులుతుంది, వదులైన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. చివరికి కాంటాక్టు పోతుంది. బండి ఆగాక చల్లారి మళ్లీ అంటుకుంటుంది.

అందుకని లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా, చూశాను. ఇంజిను ఆపి, కీ వేసి, లైట్లన్నీ వెలిగించాను. మీటరును వోల్టులకు మార్చి, ఒక మొన బ్యాటరీ ప్లస్ మీద, ఇంకో మొన ఫ్యూజు దాటాక వచ్చే తీగ మీద ఆనించాను. మంచి జాయింటు అయితే 0.2 దాటకూడదు. మొదట 0.15 చూపించింది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో ఫ్యూజు పెట్టెకు మెల్లగా వేడి తగిలించాను. 0.4. తర్వాత 0.9. పెట్టె కింద తీగల కట్టను వేలితో కాస్త పక్కకు నెట్టాను. లైట్లన్నీ ఆరిపోయాయి, మీటరులో అంకె ఒక్క దూకున 12.6కు వెళ్లి నిలబడింది. అంటే బ్యాటరీలోని వోల్టేజీ మొత్తం ఆ చిన్న చోటు దాటలేక అక్కడే ఆగిపోయింది. ఈ బండిలో ఛార్జింగు తీగ వేరే దారిన నేరుగా బ్యాటరీకి చేరుతుంది. అందుకే మొదటిరోజు 14.2 చూపించి నన్ను నిశ్చింతగా ఉంచింది.

పెట్టెలోంచి టెర్మినల్ లాగి చూశాను. ఫ్యూజు కాలును రెండు వైపులా పట్టుకోవలసిన అంచులు నోరు తెరిచి ఉన్నాయి. పసుపు రంగు పోయి గోధుమ రంగు వచ్చింది. చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి గుంట పడింది. ఏడు నెలల క్రితం, ఇంకా పనిచేస్తున్న కంపెనీ టెర్మినల్ తీసి దీన్ని వేసింది నేను. "పచ్చగా చిలుము పడుతోంది, ఆగిపోకముందే మార్చేద్దాం" అని చెప్పి మరీ వేశాను. మీలో చాలామందికి ఇదే మాట చెప్పి ఇదే పని చేశాను. ముందుజాగ్రత్త అని చెప్పి, నిలకడగా నడుస్తున్న బండిలో నేనే లోపం పెట్టాను.

టెర్మినల్ పక్కన అయస్కాంతం పెట్టాను. ఎగిరి అతుక్కుంది. ఇత్తడి అయితే అతుక్కోదు. ఆకురాయితో ఒక అంచు గీస్తే పైన పసుపు పూత, లోపల తెల్లటి ఇనుము. అలమారాలో అడుగున పాత ప్యాకెట్టు ఒకటి మిగిలి ఉంటే అందులోవి నాలుగు తీసి చూశాను. ఒక్కటీ అతుక్కోలేదు. రెండు ప్యాకెట్ల మీదా అదే పేరు, అదే బొమ్మ.

ఆ సరుకు ఇచ్చిన వ్యాపారితో నాకు పదకొండేళ్ల లావాదేవీ. ఒక్క బిల్లూ ఆపలేదు, ఒక్కసారీ బేరమాడలేదు. ఫోను చేస్తే ముందు "సరుకు అదే, ప్యాకెట్టే మారింది" అన్నాడు. అయస్కాంతం సంగతి చెప్పాక "మీ కుర్రాళ్లు సరిగా నొక్కి ఉండరు" అన్నాడు. ఆ మాటకు నా ఒళ్లు మండింది. మా దగ్గర తీగను టెర్మినల్‌లో నొక్కే పని నేను తప్ప ఎవరూ చేయరు. సరైన పనిముట్టుతో నొక్కి, ప్రతి తీగనూ లాగి చూసిన తర్వాతే పెట్టెలో దూరుస్తాను. పాడైన బండిలో కూడా నొక్కిన చోటు చెక్కుచెదరలేదు. వదులైంది ఫ్యూజును పట్టుకునే రెండో వైపు. ఆ ముక్కను పట్టుకుని అతని కొట్టుకు వెళ్లి బల్ల మీద పెట్టాను. దాన్ని చూడకుండానే "పోనీ, కొత్త ప్యాకెట్టు తీసుకెళ్లండి" అన్నాడు. ఇనుప టెర్మినళ్లు అసలే ఉండకూడదని నేను అనను. బాగా వేడెక్కే చోట్ల వాడేందుకు పూత వేసిన ఉక్కువి ప్రత్యేకంగా చేస్తారు. కాని ఇత్తడి అని చెప్పి, ఇత్తడి రంగు పూసి ఇనుము అమ్మడాన్ని మోసం అనే అంటారు. కొత్త ప్యాకెట్టు అక్కడే వదిలేసి వచ్చాను. ఇక ఆ కొట్టు నుంచి ఒక్క స్క్రూ కూడా మా షాపుకు రాదు. దూరమైనా, ఆలస్యమైనా వేరే చోటి నుంచే తెప్పిస్తాను.

ఇక మిమ్మల్ని అందరినీ పిలవాలా వద్దా అన్న దగ్గర మూడు రోజులు కొట్టుకున్నాను. నాతో ఎంతోకాలంగా పనిచేస్తున్న మేస్త్రీ వద్దన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. "ఆగింది ఒక్క బండి. బాగా నడుస్తున్న వాటిని పిలిచి విప్పితే కప్లరు కొక్కేలు విరుగుతాయి, పాత తీగలు కదులుతాయి, లేని లోపాలు వస్తాయి. వచ్చినవాటికి చేసి పంపుదాం" అన్నాడు. నిజమే, పదేళ్ల నాటి ప్లాస్టిక్ కొక్కెం విప్పితే విరగడం నేను ఎన్నోసార్లు చూశాను. ఎదురుగా దొరికిన రెండు బళ్లు తెప్పించి పరీక్షించాను. ఒకదానిలో 0.5 వచ్చింది. రెండోది 0.06, కొత్తదానిలా ఉంది. అంటే అన్నీ పాడవ్వవు. అప్పుడు అనుమానం ఇంకా పెరిగింది. మనసులో ఇంకో లెక్క కూడా సాగింది, దాచను. అందరికీ చెబితే పరువు పోతుంది. ఆ లోపం మా పనిలో ఉందని ఇంకెవరికీ తెలియదు. ఊరుకుంటే చాలావరకు తెలియకుండానే పోతుంది.

మూడో రోజు రాత్రి మా బండి మీదే ఇంటికి వెళ్తుంటే ఆ వంతెన సంగతి గుర్తొచ్చింది. ఇంజిను ఆగితే పక్కకు దొర్లించుకోవచ్చు. వెనక లైటు కూడా లేకుండా చీకట్లో ఆగితే, వెనక వచ్చేవాడికి మనం కనబడం. మర్నాడు పొద్దున రిజిస్టరు తెరిచి ఫోన్లు మొదలుపెట్టాను. కొక్కేలు విరిగితే కొత్త పెట్టె వేస్తాను, ఆ ఖర్చు నాది.

పని ముప్పావు గంట పడుతుంది. రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు. కొత్తగా వేసేవి తగరపు పూత ఉన్న ఇత్తడివి. ప్రతిదాన్నీ ముందు అయస్కాంతంతో, తర్వాత 21 వాట్ల బల్బు లోడుతో చూసి వేస్తున్నాను. బిగించాక మీ ఎదురుగానే వోల్టులు కొలిచి, ఆ అంకె కాగితం మీద రాసి ఇస్తాను. సోల్డర్ పెట్టేస్తే ఊడదు కదా అని కొందరు అడిగారు. పెట్టను. కరిగిన సోల్డర్ పోగుల మధ్యకు పాకి తీగను పుల్లలా బిరుసుగా చేస్తుంది, బండి అదురుకు సరిగ్గా ఆ చివరే తెగుతుంది. వైరింగు మొత్తం మార్చమని ఎవరైనా చెబితే దయచేసి తొందరపడకండి. లోపం ఒక్క టెర్మినల్‌లో ఉంది, తక్కిన తీగలు మంచివి. ఈలోగా వేరే చోట ఇదే లోపానికి డబ్బు పెట్టినవారు బిల్లు తీసుకురండి, ఆ మొత్తం ఇస్తాను.

వచ్చేవరకు ఇవి గమనించండి. లైట్లు క్షణంపాటు మసకబారడం, మీటరు ఆరి వెలగడం, సీటు కింద నుంచి వేడి ప్లాస్టిక్ వాసన. వీటిలో ఏది కనిపించినా రాత్రిపూట బండి తీయకండి. పెద్ద ఆంపియర్ల ఫ్యూజు వేయడం, ఫ్యూజు కాలికి సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. అది బండికి నిప్పు పెట్టడంతో సమానం.

మొదటి బండి ఆయనకు క్షమాపణ చెప్పాను. తీసేయించిన రెండు లైట్లనూ నేనే మళ్లీ బిగించాను, అన్నీ వెలిగించి కొలిస్తే 0.08 వచ్చింది. ఇప్పటికి 38 బళ్లు అయ్యాయి. వాటిలో 14 టెర్మినళ్లకు వేడి తగిలిన గుర్తులు ఉన్నాయి. 20 మంది వస్తామన్నారు. మిగిలిన ఐదుగురి ఫోను నంబర్లు ఇప్పుడు పనిచేయడం లేదు. బళ్లు చేతులు మారి ఉండవచ్చు కూడా. మేము చేసిన ప్రతి ఫ్యూజు పెట్టె మూత మీద, కుడి మూలన, ఎర్ర పెయింటు చుక్క ఉంటుంది. ఈ మధ్య మీరు గాని, మీకు తెలిసినవారు గాని పాత బండి కొని ఉంటే, సీటు ఎత్తి ఆ చుక్క ఉందేమో చూడండి. ఉంటే, ఆ బండి ఎవరి పేరున ఉన్నా సరే, తీసుకురండి.