బిట్రగుంట రైల్వే స్థలం సంగతి తేల్చండి

సంపాదకుడు గారికి,

రామాయపట్నం పోర్టు గురించి, విజయవాడ–గూడూరు మూడో లైను గురించి పత్రికల్లో తరచూ చదువుతున్నాం. ఆ రెంటికీ అందుబాటులో ఉన్న బిట్రగుంట ఊసు మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని మా ఊరు పెరిగిందే రైలు వల్ల. 1899లో మద్రాసు–బెజవాడ లైను కలిసింది. ఆ దూరం సుమారు 430 కిలోమీటర్లు. ఆవిరి ఇంజన్ అంత దూరం ఏకబిగిన లాగలేదు. మధ్యలో ఎక్కడో నీళ్లు పట్టాలి, బొగ్గు నింపాలి, బూడిద లాగేయాలి, డ్రైవరూ ఫైర్‌మనూ దిగి మరో జట్టు ఎక్కాలి. బిట్రగుంట దాదాపు సగం దారిలో ఉంది. అటు నెల్లూరు, ఇటు కావలి ఉన్నా ఇంజన్లు నిలిపి బాగుచేసే లోకో షెడ్డు, పెద్ద యార్డు ఇక్కడికి వచ్చాయి.

వాటి వెంట క్వార్టర్లు లేచాయి, బజారు లేచింది. డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ అర్ధరాత్రి తలుపు తట్టి, నిద్రకళ్లతో ఉన్న ఫైర్‌మన్ చేత పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడని మా నాన్న చెప్పేవారు. షెడ్డులో ఇంజన్‌ని టర్న్‌టేబుల్ (ఇంజన్ ముఖం అటు నుంచి ఇటు తిప్పే తిరుగుడు వంతెన) మీద సరిగ్గా తూకం కుదిరేచోట ఆపితే, నలుగురు ఖలాసీలు చేతులతో తోసి తిప్పేసేవాళ్లట. తూకం తప్పిందా, ఎంతమంది తోసినా కదిలేది కాదు.

డీజిల్ వచ్చింది. 1980 నాటికి కరెంటు తీగలూ వచ్చాయి. విజయవాడలో బయల్దేరిన ఇంజన్ నేరుగా చెన్నై వెళ్లిపోతుంటే ఇక్కడ పనేముంది? ఉద్యోగులు బదిలీ అయ్యారు, క్వార్టర్లలో కంపచెట్లు మొలిచాయి. ఆవిరి ఇంజన్ పోయిందని నాకు బాధ లేదు. బొగ్గునుసి పీల్చిన ఇళ్లలో ఎవరికీ ఉండదు. ఖాళీ పడిన స్థలాన్ని ఏం చేస్తారో ఇన్నేళ్లయినా చెప్పకపోవడమే నా ఫిర్యాదు. ఎన్నికలప్పుడు మాత్రం ఏదో ఒక ఫ్యాక్టరీ పేరు వినబడుతుంది.

పాత షెడ్డుని మ్యూజియం చేయమంటున్నవాళ్లున్నారు. చేస్తే సంతోషమే. కాకపోతే టికెట్లిచ్చేవాడికీ, గేటు దగ్గర కాపలావాడికీ తప్ప దానివల్ల ఎవరికి పని దొరుకుతుంది? పోర్టు నడవడం మొదలైతే గూడ్స్ బళ్లు పెరుగుతాయి. ఆ వ్యాగన్లని ఎక్కడో ఒకచోట పరీక్షించాలి, రిపేరు చేయాలి. స్థలం ఉన్నచోటే ఆ డిపో పెట్టడానికి అడ్డమేమిటి?

మా విజయవాడ డివిజన్ దక్షిణ కోస్తా రైల్వే జోన్ కిందికి వస్తుంది కాబట్టి ఆ జోన్ అధికారులనే అడుగుతున్నాను. బిట్రగుంటలో రైల్వేకి ఎంత భూమి ఉంది, అందులో ఆక్రమణలెన్ని, మూడో లైనుకి పోగా మిగిలేదెంత? ముందు ఈ లెక్క బయటపెట్టండి. వ్యాగన్ డిపో పెట్టేది ఉందో లేదో ఆ తర్వాత రాతపూర్వకంగా చెప్పండి. లేదనే చెప్పినా సరే, ఊళ్లో కుర్రాళ్లు వేరే దారి చూసుకుంటారు.

— ఒక పాఠకుడు, బిట్రగుంట